ప్రాకారం లోపలి గార్హస్థ్యం

యోగక్షేమమనే సమాసాన్ని భాష్యకారులు రెండుగా విడదీసి వివరించారు. లేనిదాన్ని పొందడం యోగం, పొందినదాన్ని కాపాడుకోవడం క్షేమం. గీత తొమ్మిదవ అధ్యాయంలో ఆ రెండింటి భారాన్నీ భగవానుడు తానే వహిస్తానన్నాడు. భారతీయ జీవిత బీమా సంస్థ ఆ మాటనే తన ధ్యేయవాక్యంగా స్వీకరించింది కూడా. ఇప్పుడు జాతీయ రహదారికి ఇరువైపులా వెలుస్తున్న ప్రాకారబద్ధ గృహసముదాయాలు, జనవ్యవహారంలో గేటెడ్ కమ్యూనిటీలు, విక్రయిస్తున్నది ప్రధానంగా ఈ క్షేమాన్నే. ఇల్లన్నది ఎక్కడైనా దొరుకుతుంది. గేటు ఉన్నందుకు గజానికి అదనంగా పెట్టే సొమ్ము క్షేమానికి కట్టే మూల్యం. ఆ మూల్యం న్యాయమైనదా, ఆ క్షేమం ఎవరిది, దాని కోసం గృహస్థు వదులుకొనేది ఏమిటి అన్నవి విచారించదగిన ప్రశ్నలు.

ఏలూరు పవర్‌పేటలో ఒక విశ్రాంత సంస్కృతోపాధ్యాయుని ఇంట్లో ఈ విచారణ రెండేళ్ళు సాగింది. దంపతులిద్దరికీ డెబ్బై దాటాయి. కుమారుడు అమెరికాలో ఉన్నాడు, కుమార్తె తాడేపల్లిగూడెంలో కాపురం ఉంటున్నది. ఉన్న ఇల్లు తాతగారి నాటి పెంకుటిల్లు. వీధి వైపు నిడివైన అరుగు, వెనుక నుయ్యి, పెరటి సందు. దాన్ని అమ్మి, కుమారుడు కొంత కలిపితే, ఏలూరుకూ తాడేపల్లిగూడేనికీ నడుమ రహదారికి దక్షిణంగా వేస్తున్న ఒక వెంచరులో 150 గజాల స్థలంలో కట్టిన ఇల్లు వస్తుంది. ప్రతిపాదన కుమారునిది. దాన్ని బలపరచింది గృహిణి. సంశయించింది ఉపాధ్యాయుడు.

గృహిణి పక్షాన్ని తేలికగా త్రోసిపుచ్చడానికి వీలులేదు. అరుగెక్కడానికి మూడు మెట్లు, స్నానాల గదికి వెళ్ళాలంటే వర్షంలో తడుస్తూ పెరడు దాటాలి. మోకాళ్ళు అరిగినవారికి ఇవి చిన్న విషయాలు కావు. ఒక రాత్రి ఆయనకు ఆయాసం వచ్చినప్పుడు అంబులెన్సు సందు మొదట్లోనే ఆగిపోయింది, స్ట్రెచరును చేతుల మీద మోసుకుపోవలసి వచ్చింది. మురుగు కాలువ ఇంటి ముందే పారుతుంది. ఏలూరు దోమల ఖ్యాతిని గురించి ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు. అన్నింటినీ మించి, ఇటు మూడు ఇళ్ళకూ అటు రెండు ఇళ్ళకూ తాళాలు పడ్డాయి. ఆ ఇళ్ళ పిల్లలు హైదరాబాదుకో విదేశాలకో వెళ్ళారు, పెద్దలు ఒక్కొక్కరుగా కాలం చేశారు. వీధి ఉన్నది గానీ ఇరుగుపొరుగు లేదు. వెంచరు చూపించిన నమూనా సముదాయంలో సాయంకాలం సమవయస్కులు నలుగురు కలిసి నడుస్తున్నారు, మందిరంలో విష్ణుసహస్రనామ పారాయణ జరుగుతున్నది. ఆమె ఆకర్షితురాలైంది దానికి, ఈతకొలనుకు కాదు. "మీకు పుస్తకాలున్నాయండీ. నాకు మాట్లాడే మనిషి కావాలి" అన్నదామె. సత్సంగాన్ని గురించి ముప్పైయేళ్ళు పాఠం చెప్పిన వ్యక్తికి ఈ మాటకు సమాధానం వెంటనే దొరకలేదు.

ఆయన మొదట చెప్పిన ఆక్షేపణ బలహీనమైనది. ముడతలూ నెరసిన వెంట్రుకలూ కనబడి, మనుమడు పుట్టాక గృహస్థు అరణ్యం వైపు చూడాలని మనువు చెప్పాడనీ, ఈ వయసులో కొత్త ఇల్లు కొనడం ఆశ్రమక్రమానికి విరుద్ధమనీ అన్నాడు. అరణ్యంలో వండిపెట్టేదెవరని ఆమె అడిగింది. చర్చలో ఆ అంశం అంతటితో ముగిసింది.

స్థలం చూడడానికి ఇద్దరూ కలిసే వెళ్ళారు. ప్రతినిధి బ్రోచరు విప్పి క్లబ్ హౌసు, నడకదారి, వాస్తుప్రకారం విభజించిన ప్లాట్లు చూపించాడు. ఎకరానికి 4840 గజాలు; అందులో రోడ్లూ ఉద్యానమూ క్లబ్ హౌసూ పోగా మిగిలినదే అమ్మకానికి వస్తుంది గనుక, ఉమ్మడిగా అనుభవించేదాని ఖరీదు కూడా ప్రతి గజం ధరలో ఇమిడే ఉంటుంది. అది న్యాయమే. రేరా నంబరు ఏదని ఉపాధ్యాయుడు అడిగితే వస్తున్నదన్నారు. ప్రీ లాంచ్ ధర కావాలంటే ముందు సగం కట్టమన్నారు.

ఇక్కడ చట్టం స్పష్టంగా ఉన్నది. 2016లో పార్లమెంటు చేసిన స్థిరాస్తి చట్టం ప్రకారం, ఆ చట్ట పరిధిలోకి వచ్చే వెంచరును నమోదు చేయకుండా ప్రకటించడం గాని, బుకింగులు తీసుకోవడం గాని కూడదు. అమ్మకపు ఒప్పందం వ్రాసి రిజిస్టరు చేయకముందు ధరలో 10 శాతానికి మించి పుచ్చుకోరాదు. కొనుగోలుదారుల నుండి వసూలైన సొమ్ములో 70 శాతం ఆ నిర్మాణానికీ ఆ భూమికీ మాత్రమే వెచ్చించేలా ప్రత్యేక ఖాతాలో ఉంచాలి. స్వాధీనం చేసిన 5 సంవత్సరాలలోపు నిర్మాణదోషం బయటపడితే ఉచితంగా సరిచేయాలి. ప్రాచీనులకు ఈ చింత లేదనుకోకూడదు. కొని పశ్చాత్తాపపడడం, అమ్మి పశ్చాత్తాపపడడం అన్నదాన్ని క్రయవిక్రయానుశయమనే పేరుతో మనువు పద్దెనిమిది వ్యవహారపదాలలో ఒకటిగా లెక్కించి, పది దినాలలోపు తిరిగి ఇచ్చుకొనే వీలు కల్పించాడు. నేటి రేటు కాగితం మీద పది గంటల గడువైనా ఉండదు. "ఈ రోజే చెప్పండి సార్" అన్నదే అక్కడి ధర్మసూత్రం.

ప్రతినిధి చెప్పని సంగతిని పట్టుకున్నది మాత్రం గృహిణి. ఆమె పుట్టిల్లు కొల్లేటి అంచున, కైకలూరు ప్రాంతంలో. బాల్యంలో తాటిదోనె మీద పొరుగూరికి వెళ్ళిన అనుభవం, ఫాల్గుణంలో కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకు గట్ల మీద నడిచి వెళ్ళిన అనుభవం ఉన్న మనిషి. ఎర్రని గ్రావెల్ పరచి చదును చేసిన ఆ స్థలం చివర, ప్రహరీ ఇంకా లేవని మూలలో, జమ్మూ తుంగా గుబురుగా మొలిచి ఉండడం చూసి ఆగిపోయింది. "జమ్ము మొలిచిన చోట నీళ్ళు నిలుస్తాయండీ. ఇది మెరక చేసిన పల్లం" అన్నది. అడిగి చూస్తే నిజమే. అంతకు పూర్వం అది వరిచేను, దాని మధ్యగా పోయే బోదెను కప్పివేసి రోడ్డు వేశారు. గ్రావెల్ ఉత్తరాన మెట్ట ప్రాంతం నుండి లారీలలో వచ్చింది.

ఈ దేశం నైసర్గిక స్వరూపం తెలియనివారికి ఒక మాట చెప్పవలసి ఉన్నది. కృష్ణా గోదావరుల డెల్టాల నడిమి పల్లమే కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు మొదలైనవి ఎగువ నుండి తెచ్చే నీటిని అది పుచ్చుకుంటుంది. విడిచిపెట్టేది మాత్రం ఉప్పుటేరు అనే ఒకే ద్వారం గుండా. తాడేపల్లిగూడెం వైపు ఎర్రకాలువ పొంగితే ఆ చుట్టుపక్కల పొలాలు మునగడం అందరూ ఎరిగినదే. ఇక్కడ నేలను కొనడమంటే నీటి మార్గంలో ఒక భాగాన్ని కొనడమే. ఎవరు ఎంత మెరక చేసుకుంటే అంత నీరు పక్కవాని మీదికి పోతుంది.

కొల్లేటి చరిత్రలో ఇది ఒకసారి పెద్దయెత్తున జరిగింది. చేపల చెరువు గట్టు కూడా ఒక ప్రాకారమే. ఎవరి చెరువుకు వారు గట్టు వేసుకున్నారు. ప్రతి గట్టుకూ వెనుక ఒక కుటుంబం యోగక్షేమం ఉన్నది, కొన్నింటి వెనుక పెద్ద పెట్టుబడులున్నాయి. గట్లన్నీ కలిసి సరస్సును ముక్కలు చేశాయి, నీటి నడకను ఆపాయి. సముద్రమట్టానికి 5 అడుగుల కాంటూరు లోపలి 308 చదరపు కిలోమీటర్లను 1999లో అభయారణ్యంగా ప్రకటించారు; 2002లో అది రామ్‌సార్ చిత్తడినేలల జాబితాలోకి ఎక్కింది; 2006లో ప్రభుత్వం ఆ గట్లను కొట్టించింది. ఆ కూల్చివేతలో చిన్న రైతులూ మత్స్యకారులూ పడిన బాధ నేటికీ ఆ గ్రామాలలో వినబడుతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచిన తరువాత ఆ నీరు కొల్లేటికి చేరినప్పుడు ఏలూరు–కైకలూరు రోడ్డు మీదికి నీరెక్కింది. పుట్టింటివారు ఫోనులో చెప్పిన మాటలను ఆమె మరచిపోలేదు.

అహింసను మనం సాధారణంగా చేతితో కొట్టకపోవడంగా, నోటితో తిట్టకపోవడంగా అర్థం చేసుకుంటాం. యోగసూత్రాలకు వ్యాసభాష్యం అంతకన్నా విస్తృతంగా చెప్పింది. తాను చేసిన హింస ఒకటి, చేయించినది మరొకటి, ఆమోదించినది ఇంకొకటి. ప్రహరీ కట్టినవాడు వ్యాపారి, బోదె పూడ్చినవాడు అతని కాంట్రాక్టరు. కొన్నవాడు ఆమోదించినవాడు. దిగువన ఉన్న పల్లెలో ఎవరి ఇంట్లో మోకాలి లోతు నీరు నిలుస్తుందో కొన్నవానికి తెలియకపోవచ్చు. జమ్మును చూసి గుర్తుపట్టిన తరువాత మాత్రం తెలియదనడానికి లేదు. ఆ వెంచరు సంగతి అక్కడితో తేలిపోయింది. ఆమెకు గేటు కావాలి గాని, పుట్టింటి మీదికి నీళ్ళు తోలే గేటు అక్కరలేదు.

కుమారుడు వదలలేదు. తాడేపల్లిగూడెం పరిసరాలలో మెరకనేల మీద, ఇదివరకే జనం కాపురముంటున్న మరొక సముదాయం చూపించాడు. అన్ని అనుమతులూ ఉన్నాయి, నీటికి అడ్డం లేదు, కుమార్తె ఇల్లు పది నిమిషాల దూరం. అప్పుడు ఉపాధ్యాయుని అసలు సంశయం బయటపడింది. దాని పేరు అతిథి.

శతపథబ్రాహ్మణం పుట్టిన ప్రతి మనిషికీ నాలుగు ఋణాలు చెప్పింది. దేవ, ఋషి, పితృ ఋణాలు అందరూ చెప్పుకొనేవే. నాలుగవది మనుష్యఋణం, సాటి మనుష్యులకు వసతీ అన్నమూ ఇవ్వడం వల్ల అది తీరుతుంది. తరువాతి గ్రంథాలలో మూడింటి మాటే ఎక్కువగా ప్రచారంలోకి వచ్చి నాలుగవది వెనుకబడింది గానీ, పంచమహాయజ్ఞాలలో నృయజ్ఞంగా అది నిలిచే ఉన్నది. విష్ణుపురాణం తృతీయాంశంలో సగరునికి గృహస్థధర్మాలు చెబుతూ ఔర్వమహర్షి ఒక ముచ్చటైన కొలత ఇస్తాడు. వైశ్వదేవం అయ్యాక గృహస్థు తాను భుజించకముందు, ఒక ఆవును పితికేంత సేపు ముంగిట నిలిచి, ఎవరైనా వస్తారేమోనని ఎదురుచూడాలి. వచ్చినవాని కులగోత్రాలనూ చదువునూ అడగకుండా భోజనం పెట్టాలి. అతిథి అంటే తిథి లేనివాడని లోకంలోని వ్యుత్పత్తి; నిత్యం నిలవనివాడు, ఒక్క రాత్రి ఉండిపోయేవాడు అని మనువు చెప్పిన అర్థం. రెండర్థాలలోనూ అతడు చెప్పకుండా వచ్చేవాడే.

ఈ సముదాయంలో చెప్పకుండా రావడానికి వీలులేదు. ఎవరు వచ్చినా గేటు దగ్గర పేరు, ఫోను నంబరు, వెళ్ళవలసిన ఇల్లు చెప్పాలి. యజమాని ఫోనుకు సందేశం వస్తుంది. అనుమతి నొక్కితేనే ప్రవేశం. అంటే ఇక్కడ అభ్యాగతుడే తప్ప అతిథి ఉండడు. ఆవును పితికేంత సేపు వాకిట నిలిచినా కొరియరు కుర్రవాడు తప్ప ఎవరూ కనబడరు. నియమావళిలో మరికొన్ని విషయాలున్నాయి. బాల్కనీలలో గాని పిట్టగోడల మీద గాని పక్షులకు ఆహారం వేయరాదు, పరిశుభ్రత కోసం. పనివారు వేరు ద్వారం గుండా రావాలి, భద్రత కోసం. భిక్షుకులకు, అమ్మకందారులకు ప్రవేశం లేదు. ఒక్కొక్కదానికీ కారణం ఉన్నది, కాదనలేము. అన్నీ కలిపి చదివితే భూతయజ్ఞమూ నృయజ్ఞమూ మాత్రం నిషిద్ధాల పట్టికలో కనబడతాయి. తద్దినంనాడు కాకికి పెట్టే పిండం కూడా పక్షులకు ఆహారమే గదా!

మన శాస్త్రాలు దేహాన్ని పురమన్నాయి. గీత, శ్వేతాశ్వతరం తొమ్మిది ద్వారాలు చెబితే కఠోపనిషత్తు పదకొండు చెప్పింది. ఆ పురంలోని దేహి దేనినీ మూయకుండానే, ద్వారాలన్నీ తెరచి ఉండగానే శోకరహితుడై ఉండగలడన్నది అక్కడి బోధ. ఒకే ద్వారమూ ఇరవై నాలుగు గంటల కాపలా అన్న ఆదర్శం అందుకు దూరమైనదని ఉపాధ్యాయుడు అన్నాడు. ఉపమానాన్ని ఇంత దూరం లాగడం కొంత చాపల్యమే. దేహంలోకి దొంగలు రారు, ఇంట్లోకి వస్తారు.

గృహిణి ఇచ్చిన సమాధానం వేరొకటి, ఈ చర్చకంతటికీ అదే కీలకం. "మన అరుగు మీద ఎవరు కూర్చునేవారో మీకు తెలియదా? మీ తాతగారు పెరటి సందు ఎందుకు వదిలారు? పాకీవాళ్ళు వీధి వాకిట్లోకి రాకూడదనే గదండీ. అక్కడ వాచ్‌మన్ ఉన్నాడు, ఇక్కడ వాడి అవసరం లేకుండానే అందరికీ తెలుసు."

ఇది కాదనలేని సత్యం. ఏలూరుకు కూతవేటు దూరంలోని పెదవేగి ఒకప్పుడు వేంగీ రాజధాని. ఆ చాళుక్య రాజుల తామ్రశాసనాలు దానమిచ్చిన గ్రామాలకు ఎల్లలు చెబుతాయి. ఫలానా చెట్టు, ఫలానా చెరువు, ఫలానా పుట్ట అంటూ దిక్కుదిక్కునా హద్దు వేస్తాయి. అగ్రహారం కూడా ఒక విధంగా ప్రాకారబద్ధ సముదాయమే, గోడ అక్కరలేని ప్రాకారం. లోపలివారికి వేదం, వెలుపలివారికి వెలి. కులగోత్రాలు అడగవద్దన్న ఔర్వుని మాటను పారాయణ చేసిన ఇళ్ళే వాకిట్లో అడుగుపెట్టకముందే కులాన్ని చూపుతో అడిగాయి. నేటి గేటు అడిగేది ఫోను నంబరు. అనుమతి ఉన్నవాడు ఏ కులం వాడైనా ఆ రోడ్డు మీద నడవవచ్చు, క్లబ్ హౌసులో కూర్చోవచ్చు. ఆ మేరకు కొత్త గేటు పాత అరుగు కన్నా ఉదారమైనదని ఒప్పుకోక తప్పదు. అయితే డబ్బు లేనివానికి అది పాత అరుగు కన్నా కఠినమైనది. దాహమన్నవానికి అరుగు చివర నిలబెట్టయినా నీళ్ళు పోసేవారు. గేటు బయట నిలబడ్డవాడు లోపలి ఎవరి కంటా పడడు. అవమానించి పెట్టడం ఎక్కువ పాపమా, అసలు కనబడకుండా చేయడం ఎక్కువ పాపమా అన్నదానికి శాస్త్రంలో సూటిగా నిర్ణయం దొరకదు. ఉపాధ్యాయుడు వెదికాడు, దొరకలేదు.

చివరికి వారు చేసినది శాస్త్రం కన్నా లౌకికజ్ఞానం చెప్పిన పని. కొనలేదు. ఆ సముదాయంలోనే ఒక ఇంటిని సంవత్సరానికి అద్దెకు తీసుకున్నారు. నెలనెలా కట్టే మెయింటెనెన్సు ఎంత పెరుగుతుందో, వేసవిలో నీళ్ళు ఎన్ని ట్యాంకర్లు తెప్పిస్తారో, సంఘం లెక్కలు ఎవరికి చూపుతారో, లిఫ్టు చెడితే ఎన్ని రోజులకు బాగవుతుందో కాపురముంటే తప్ప తెలియదు. ఏ బ్రోచరూ చెప్పదు. కొనదలచినవారెవరికైనా ఈ పద్ధతి మేలని చెప్పవచ్చు. పెంకుటిల్లు అమ్మలేదు, వేదపాఠశాల విద్యార్థులు ఇద్దరు అందులో ఉంటున్నారు, అద్దె నామమాత్రం.

వెళ్ళిన మూడు నెలలలో ఆమె మోకాలి నొప్పి తగ్గిందనడం అతిశయోక్తి గాని, నడక పెరిగింది. పారాయణకు పదకొండుమంది చేరారు. ఇంటి పనికి వచ్చే అమ్మాయి రెండవ ద్వారం దగ్గర ఎండలో నిలబడి కార్డు చూపించవలసి రావడం ఆమెకు నచ్చలేదు. సంఘం కార్యదర్శితో మాట్లాడి అక్కడ ఒక రేకుల పందిరి, త్రాగునీటి కుండ పెట్టించింది. పిండం విషయంలో ఇబ్బంది రాలేదు. పార్కు చివర వేపచెట్టు కింద పెట్టుకోవచ్చన్నారు, నియమం పిట్టగోడలకే గనుక. భోక్తల పేర్లు ముందురోజే గేటులో ఇచ్చారు. తద్దినానికి వచ్చేవారికి తిథి ఉంటుంది గనుక అది సులువే.

తేలనిది హరిదాసు సంగతి. ధనుర్మాసంలో తలమీద అక్షయపాత్రతో తెల్లవారకముందే పాడుతూ వచ్చే మనిషిని రానివ్వాలా అని నెలవారీ సమావేశంలో ఉపాధ్యాయుడు ప్రస్తావించాడు. క్లబ్ హౌసు ముందు ఒక గంట పాడించి, అందరూ అక్కడికే వచ్చి బియ్యం వేస్తే బాగుంటుందని ఒకరు సూచించారు. ఫోటోలకు అనువుగా ఉంటుందని మరొకరు బలపరచారు. హరిదాసు ఎక్కడా ఆగి అడగడనీ, నడుస్తూ పోయే మనిషి వెంట గృహస్థు బియ్యంతో పరుగెత్తాలనీ ఉపాధ్యాయుడు చెప్పాడు. గుర్తింపు కార్డు లేకుండా తెల్లవారుజామున ప్రతి వీధీ తిరగనివ్వడం కుదరదని భద్రత చూసే సంస్థ ప్రతినిధి అన్నాడు. గట్టిగా వ్యతిరేకించినవారు లేరు, గట్టిగా సరేనన్నవారూ లేరు. తరువాతి సమావేశానికి వాయిదా వేశారు. ఇంటిని కొనే మాట సంక్రాంతి దాటాక చూద్దామని దంపతులు కుమారునికి చెప్పారు.